మా నేలబావిని ఉప్పు చేసింది ఎవరు

మా చిన్నప్పుడు... ఎండలు ముదరక ముందే ఒకరోజు ఇంటికో మనిషి పార పట్టుకుని తోటల్లోకి బయల్దేరేవారు. నేలబావుల్లో పూడిక తీసే రోజు అది. మా ఉద్దానంది ఇసక నేల... మెట్లలా చెక్కుకుంటూ కాస్త లోతు దిగితే చాలు, నీరు తగిలేది. బిందెతో ముంచుకుని పైకెక్కి మొక్కలకి పొయ్యడమే. మోటారు లేదు, చేద తాడు కూడా అక్కర్లేదు.

కొత్త నీరు ఊరగానే మా అమ్మ దోసిట్లో పట్టి నోట్లో పోసుకునేది. "సప్పగున్నాయి, పొయ్యండి" అంటేనే మొక్కలకి పోసేవాళ్లం. ఉప్పదనం తగిలితే ఆ బావి ఆ ఏడాదికి వదిలెయ్యడమే.

ఇప్పుడు ఆ తోటలూ లేవు, ఆ బావులూ లేవు. చెట్లని తుఫాను పడగొట్టింది. బావుల్ని మాత్రం మనమే చెత్తతో పూడ్చాం. ఇంటింటికీ కిడ్నీ జబ్బు వచ్చాక నూతి నీరంటేనే భయం. జబ్బు ఎందుకొస్తోందో మా ఊరివాళ్లకి ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ, డబ్బా నీళ్ల బండి మాత్రం వీధివీధికీ వచ్చింది.

మా అన్నయ్య కూతురు ఝాన్సీ పలాసలో డిగ్రీ చదువుతోంది. మొన్న పదిమంది స్నేహితుల్ని పోగేసి మా పాత నేలబావిని బాగుచేసింది. సెలవు రోజులన్నీ దానికే... ప్లాస్టిక్కు సంచులు, పగిలిన సీసాలు, చిరిగిన వలలు, ఎంత తీసినా తరగలేదు. నీరు ఊరాక చుట్టూ జీడి, పనస మొక్కలు నాటారు. పోయిన తోటని మళ్లీ లేపుతామన్నారు.

ఊరు ఏం చేసిందనుకున్నారు? టీ కొట్టు దగ్గర కూర్చుని చూసింది.

"ఏటమ్మా, సదువు మానీసి మట్టి మోత్తన్నావు... రేపు పెళ్లికొడుకు కూడా పారట్టుకునే రావాలేటి?" అన్నాడొక పెద్దాయన.

"రానీ తాతా, నీకన్నా పనికొత్తాడు" అంది ఝాన్సీ.

ఫొటోలకి మాత్రం అందరూ వచ్చి ముందు వరసలో నిలబడ్డారు.

నెల తిరక్కుండా ఆకులు అంచుల నుంచి మాడటం మొదలైంది. నీరు చాలట్లేదనుకుని పిల్లలు ఇంకా పోశారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. చివరికి నాకు ఫోన్ చేస్తే, నేనుంటున్న టెక్కలి నుంచి వెళ్లాను.

"నీరు నోట్లో పోసుకుని సూసేరా?" అని అడిగాను.

పిల్లలు బిందెలు కింద పెట్టారు.

"నూతి నీరా సిన్నాన్నా? పుట్టిన కాణ్ణుంచి మమ్మల్ని ముట్టుకోనిచ్చేరేటి?" అంది ఝాన్సీ.

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. నెల రోజులు ప్రేమగా ఉప్పు నీళ్లు పోసి, తమ మొక్కల్ని తామే చంపుకున్నారు ఆ పిల్లలు. వాళ్ల తప్పా అది? రుచి చూడటం నేర్పాల్సినవాళ్లం, భయం ఒక్కటే నేర్పాం.

ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకక్కర్లేదు. బావి గట్టు మీద నిలబడితే రొయ్యల చెరువులు కనిపిస్తాయి. వాటి ఉప్పు నీరు కాలవలోకి, కాలవ నుంచి ఇసకలోకి... చెరువు నీరు కాలవలోకి వదలొద్దని ఝాన్సీ ఒక అర్జీ రాసి సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరూ పెట్టలేదు. ఎందుకు పెడతారు? ఆ చెరువులకి నేల కౌలుకిచ్చింది వాళ్లే.

ఆఖరికి నా దగ్గరికి వచ్చింది. "నువ్వయినా పెట్టు సిన్నాన్నా, మీటింగుల్లో మాటాడతావు కదా" అంది.

పెట్టాను. ఝాన్సీ కాగితం తీసుకుంది గానీ కదల్లేదు.

"మరి అక్కడ నీ వాటా నేల ఎనక్కి తీసుకుంటావేటి?"

అవును, ఆ చెరువుల కింద నా నేల కూడా ఉంది. అయిదేళ్లకి రాసిచ్చాను. గడువు తీరాలమ్మా అన్నాను. ఝాన్సీ అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు పిల్లలు ఎండిపోయిన మొక్కల్ని పీకి గట్టు మీద పేర్చి ఫొటో తీశారు. ఆ ఫొటోకి ఎవరూ రాలేదు.

యువతే ముందుకు రావాలని వేదికలెక్కి అరిచే నా ఈడు వాళ్లారా... వాళ్లు వచ్చారు. వాళ్లకి అడ్డంగా ఉన్నది మనమే.

మీ చిన్నప్పటి బావుల గురించి కింద రాయండి, అన్నీ చదువుతాను. ఆ బావి పక్క నేల ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, వాళ్లకి ఎవరిచ్చారో అది కూడా రాయండి. నాది నేను రాశాను.