మందు చొక్కా

మొన్న నరసరావుపేట నుంచి గురజాల వెళ్తుంటే బస్సు దారిలో ఒకచోట ఆగింది. పక్కనే మిరపచేలో డ్రోన్ మందు కొడుతోంది. ఆ చేను రైతు ఇస్త్రీ చొక్కా నలక్కుండా గట్టు మీద నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. కిటికీలోంచి మందు వాసన లోపలికి రాగానే నాకు చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది. ఇన్నేళ్ళయినా అంతే. జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కనక ఆ చెమట ఏ దారిన వచ్చిందో కూడా నాకు తెలుసు. తెలిసి ఏం ఒరిగిందని అడిగితే మాత్రం మా బాబాయి సంగతి చెప్పాలి.

వెన్నుపాము నుంచి గుండెకో, పేగులకో, చెమట గ్రంథులకో వెళ్ళే కబురు తిన్నగా వెళ్ళదు. దారిలో నాడీసంధి అనే మజిలీ ఉంటుంది. అక్కడి నాడీకణం మీద చాలా తంతువులు వచ్చి వాలతాయి. వాటిలో ఒకటి గట్టిది, దాని మాటకు కణం వెంటనే కదులుతుంది. తక్కినవి నీరసమైనవి, ఏ ఒక్కదాని మాటా చెల్లదు. కానీ రెప్పపాటులో రెండు మూడు కలిసొస్తే కణం వాటికీ కదులుతుంది. అందుకే అక్కడికి వచ్చిన కబురు అంతకంత పెరిగి బయటికి పోతుంది. ఇదంతా ఒక సెలవురోజు బాబాయికి చెబితే, ఒకప్పుడు వార్డు మెంబరుగా చేసిన మనిషి కదా, చుట్ట పక్కన పెట్టి తేల్చేశాడు: "పెద్దమనిషి ఒక్కడు అరిచినా పనైద్ది, చిన్నోళ్ళు నలుగురు ఒక్కసారే గొణిగినా పనైద్ది. అంతేగా అమ్మాయ్?" నేను పాతికేళ్ళుగా బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినా ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఆ మరుసటి ఏడాది నుంచి క్లాసులో ఆయన మాటే వాడుకున్నాను.

మా వైపు పత్తి రైతులకు మందు చొక్కా అని ఒకటి ఉండేది. పాతచొక్కా ఒకటి తీసి, మందు కొట్టే రోజుల్లో అదే తొడుక్కుని, సాయంత్రం చేను పక్క తుమ్మకొమ్మకు తగిలించి వచ్చేవారు. ఇంటి బట్టల్లో కలుస్తుందని పిన్ని దాన్ని గడప తొక్కనిచ్చేది కాదు. అందుకని అది ఉతుకు ఎరగదు. ఒళ్ళంతా మందు పీల్చుకుని అట్టలా బిగిసి ఉండేది. బాబాయి మందును చేత్తోనే కలిపేవాడు. పుల్లతో కలిపితే సమంగా కలవదని ఆయన గట్టి నమ్మకం.

ఆ తర్వాత ఒక ఆదివారం, భాద్రపదపు ఎండ మాడు పగలగొడుతోంది. పిన్నీ నేనూ అన్నం తీసుకుని చేనికి వెళ్ళేసరికి బాబాయి గట్టు మీద పడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి చొంగ, కళ్ళల్లోంచి నీళ్ళు. వడ కొట్టిందన్నాను. చదువుకున్నదాన్ని కదా, నా మాటకు ఎదురేముంది? పిన్ని చొక్కా విప్పబోతే నేనే వద్దన్నాను. "ఉండనీ పిన్నీ, తడిపితే ఒంటికి చల్లగా ఉంటుంది." క్యాన్‌లో నీళ్ళన్నీ ఆ చొక్కా మీద పోశాను. మజ్జిగ తాగించబోతే కక్కేశాడు. ఆటో దొరికి మాచర్లలో ఒక ఆసుపత్రికి చేరేసరికి గంట పైనే పట్టింది. అంతసేపూ ఆ తడిచొక్కాతోనే ఆయన్ని నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను.

డాక్టరు రెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప గుండుసూది తలంత ఉంది. కత్తెర అడిగి చొక్కా చింపేశాడు, ఒళ్ళు సబ్బుతో కడిగించాడు, సూది మీద సూది వేయించాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ చొక్కా తడిపిందెవరు?"

నేనేనన్నాను. మందు ఒంట్లోకి ఇంకడానికి అంతకంటే మంచి పద్ధతి లేదన్నాడు. కబురు తెచ్చిన రసాయనాన్ని నాడీసంధిలో ఎప్పటికప్పుడు ఊడ్చేసే ఎంజైమును పురుగుమందు కట్టిపడేస్తుంది. ఊడ్చే దిక్కు లేక రసాయనం పేరుకుపోతుంది, గొణుగులన్నీ కేకలవుతాయి. ఏం చేస్తుంటారని డాక్టరు అడిగాడు. చెప్పాను. ఆ లక్షణాలు వరసగా రాయమని నేను ఎన్ని పరీక్షల్లో అడిగానో! అవే లక్షణాలు నా ఒళ్ళో పడుకుని ఉంటే పోల్చుకోలేకపోయాను.

రెండు రోజులు మనిషి ఉంటాడో పోతాడో తెలియలేదు. మూడో రోజు కళ్ళు తెరిచాడు. చూడవచ్చిన నలుగురిలో, గర్వంగానే, అన్నాడు: "మా అమ్మాయి ఈ సంగతంతా నాకు ముందే చెప్పింది. నేనే సరిగ్గా ఇనుకోలా." పిన్ని నా వైపు చూసి తల దించుకుంది. నేనూ నోరు విప్పలేదు.

బాబాయి ఆ తర్వాత పదకొండు పంటలు తీసి, వేరే జబ్బుతో పోయాడు. నేను ఎన్నోసార్లు మనసులో ఆ గట్టు మీదికి పరిగెత్తుకెళ్ళి ఆ చొక్కా విప్పబోతాను. కాలం మాత్రం ప్రతిసారీ నన్ను నీళ్ళు పోసేశాకే అక్కడికి చేరుస్తుంది.