గవిని కింద రెండో జోడు

నా చిన్నప్పుడు మా ఊళ్లోకి పత్తిబండి రావాలన్నా, పెళ్లికొడుకు రావాలన్నా, ఆఖరికి తప్పిపోయిన మేక తిరిగి రావాలన్నా ఒకటే దారి ఉండేది. అది ఊరి ముందున్న రాతి గవిని, ఊరి పెద్ద ద్వారం. మరాఠీ ఇళ్లవాళ్లు దాన్ని వేస్ అనేవాళ్లు, మేము గౌని అనేవాళ్లం. నాందేడ్ జిల్లాలో మా బిలోలి వైపు ఒకప్పుడు చాలా ఊళ్లకు ఇలాంటి గవినులు ఉండేవి, ఒక్కొక్కటే పోయాయి. మాది మాత్రం ఇప్పటికీ నిలబడి ఉంది. ఎందుకు ఉందో చెప్పాలంటే మా తాతయ్య సంగతి చెప్పాలి.

మా వైపు శ్రావణ అమావాస్యకు పోళ చేస్తారు. అది ఎడ్ల పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, నుదుట బాసింగాలు కట్టి, మామిడాకుల తోరణం కట్టిన గవిని కిందినుంచి ఒక జోడు వెనక ఒక జోడు నడిపిస్తారు. ముందు నడిచే జోడు ఎవరిదైతే ఆ ఇంటికి ఊళ్లో అంత గౌరవం. దానిని మానం అంటారు. ముత్తాతల నాటి నుంచి ఆ మానం మా ఇంటిది. ఆ సంగతి నేను బళ్లో చెప్పుకోని రోజు లేదు. గొప్పలు చెప్పుకోవడంలో నాకు అప్పుడే పేరుండేది, ఇప్పటికీ తగ్గలేదని మా కోడలు అంటుంది.

మానం ఊరికే రాదు. పండుగకు ముందు గవినిని బాగుచేసే పని కూడా ఆ ఇంటిదే. కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి గానుగలో నూరిన సున్నం పగుళ్లలో నింపాలి, తర్వాత గోడకంతా వెల్ల వేయాలి. కూలివాళ్లు ఎందరున్నా సరే, ఇంటిపెద్ద నిచ్చెనెక్కి తన చేత్తో సున్నం పట్టించాల్సిందే. ఏటా తాతయ్య చేతులు ఆ సున్నానికి పొక్కిపోతే నానమ్మ వెన్న రాసేది.

నేను బళ్లో చదివే ఒక ఏడాది మా సర్పంచి చావడిలో ఊరందరినీ కూర్చోబెట్టి గవిని పడగొట్టాలన్నాడు. ఆయన చెప్పిన కారణం కూడా తీసిపారేసేది కాదు. ఉమ్రి బజారుకు పత్తి తీసుకెళ్లే లారీ గవినిలో పట్టదు. ఊరి బయట నిలబడిన లారీ దాకా పత్తినంతా బండ్లమీద చేరవేయాలి. పోళ కాగానే, కొత్త పత్తి చేతికొచ్చేలోపు పని కానిద్దామన్నాడు, ఊరు సరేనంది. మా చిన్నాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. తహసీలుకు పోయి అర్జీ పెడతానన్నాడు.

తర్వాత ఒకరోజు పొద్దున్నే తాతయ్య నన్ను వెంటబెట్టుకుని సర్పంచి ఇంటికి వెళ్లాడు. గవిని పక్కనే వాళ్ల ఇల్లు, పశువుల దొడ్డి. ఏటా పోళ నాడు వాళ్ల జోడు మా జోడు వెనకే నడిచేది. దానికోసం రెండు ఇళ్ల మధ్య ఎన్ని మాటలు నడిచాయో ఊరందరికీ తెలుసు. తాతయ్య అరుగుమీద కూర్చున్నాడు.

"బిడ్డా, ఈ పోళకు నీ జోడు ముందుగాల పోనియ్. మా ఎడ్లు ఎనక వస్తయి" అన్నాడు.

సర్పంచి నమ్మలేదు. "పరాచికమాడుతున్నవా కాకా?"

"పరాచికం గాదు. ఇగ మానం నీదే. గని మానం తీసుకున్నోడే సున్నం గూడ ఏయాలె. నీకెరుకే గద."

ఇంటికి తిరిగొచ్చే దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను. పడగొట్టేవాడికి మానం ఇవ్వడమేమిటని నా కోపం. రేపు బళ్లో మొహం ఎలా చూపించాలన్నది అంతకంటే పెద్ద బాధ. తాతయ్య నడక ఆపి నా ముక్కు తుడిచాడు. "ఆనికి రాయి మీద కోపం లేదు బిడ్డా, ఎనక నడుసుడు మీద కోపం. గౌని ఉంటెనే పోళ. అది పోయినంక ముందేంది, ఎనకేంది?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. నానమ్మకు అర్థమైందేమో గానీ, ఆమె కూడా రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మానానికి ఒప్పుకున్న సర్పంచి సున్నం పని మొదలుపెట్టాడు. మొదట్లో మొక్కుబడికి చేశాడు. కానీ నిచ్చెనెక్కి పగుళ్లలోకి చేయి పెట్టినవాడికి రాయి ఎక్కడ కదిలిందో తెలియకుండా ఉంటుందా? ఒకటి సరిచేస్తే పక్కది కనబడేది. వాళ్లమ్మ కింద నిలబడి, గదిగో ఆడ ఇడిసిపెట్టినవు కొడుకా, అని చూపించేది. పండుగ దగ్గరపడేసరికి పొద్దంతా ఆయన గవిని దగ్గరే ఉండేవాడు. అటుగా వెళ్లేవాళ్లు మెచ్చుకుంటే మీసం దువ్వుకునేవాడు.

పోళ నాడు వాళ్ల జోడు ముందు నిలబడింది. డప్పులు మోగాయి. మా ఎడ్లకు ముందు నడవడమే అలవాటు. డప్పు వినగానే ఎప్పటిలాగే అడుగు ముందుకేశాయి. తాతయ్య పగ్గాలు రెండు చేతులా బిగించి పట్టుకుని ఆపాడు. మెడ నరాలు పైకి తేలాయి, కళ్లలో నీళ్లు నిలిచాయి. ఆగు నాయినా, ఆగు, అని ఎడ్లకు చెబుతున్నాడు గానీ అది తనకు తాను చెప్పుకుంటున్నాడని నాకనిపించింది. వాళ్ల జోడు గవిని దాటాక మా జోడును వదిలాడు. ఆ పూట ఆయన పండుగ పోలెలు, అంటే బొబ్బట్లు, ముట్టలేదు.

మర్నాడు కుర్రాళ్లు గడ్డపారలు పట్టుకుని సర్పంచి దగ్గరికి వచ్చారు. ఆయన తన అరచేతులు చాపాడు. "గౌనికి ఏసిన సున్నం నా చేతుల్నే ఇంక ఆరలే. గప్పుడే పొడుస్తరా?" అన్నాడు. మరి లారీ సంగతేమిటని అడిగారు. ఆయన కొంచెంసేపు తలగోక్కుని, గవిని పక్కనున్న తన దొడ్డిగోడ చూపించి దాన్ని పడగొట్టమన్నాడు. ఆ ఏడు పత్తి లారీ ఆయన దొడ్డిలోంచే ఊళ్లోకి వచ్చింది. ఇప్పుడు బస్సు తిరిగే దారి అదే.

ఇవాళ మా ఊళ్లో పాత కట్టడాలను కాపాడే సమితి ఉంది. నేనూ అందులో ఉన్నాను. గవినికి సున్నం ఇప్పుడు అందరం కలిసి వేస్తాం, మెట్లబావి పూడిక తీశాం, కూలిపోతున్న ధర్మశాలకు మళ్లీ కప్పు వేశాం. నాందేడ్ నుంచి పెద్ద చదువుల పిల్లలు వచ్చి ఫోటోలు తీసుకుని వెళుతుంటే నా ఛాతీ పొంగుతుంది, దాచుకోను. మాకు ఒకే పద్ధతి ఉంది. కూలగొట్టమని ఎవరు గట్టిగా అరుస్తారో వాళ్లనే ముందు పిలిచి తాపీ చేతికిస్తాం. మెట్లబావి పూడ్చి దుకాణాలు కడదామన్న అబ్బాయే ఇప్పుడు ఆ బావిలో గుట్కా పొట్లం పడితే ఊరంతా తిరిగి తిడతాడు.

సమితికి పెద్ద ఆ సర్పంచి మనవడే. మొన్న పోళ ముందర మీటింగులో నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "అత్తా, గీసారి మీ తమ్ముని జోడునే ముందు పెడదం. అసలు మానం మీదే గద" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. చిన్నప్పుడైతే ఎగిరి గంతేసేదాన్ని.

"వద్దు బిడ్డా. మాది రెండో జోడే. ముందు జాగ మాకు పుట్టుకతోని అచ్చింది, ఎనక జాగ మా తాత సంపాయించిండు. అది మేం ఎవ్వలకియ్యం" అన్నాను.