సరస్సు మీద తిన్నని దారి

1981 జనవరి. అమెరికా ఉత్తరపు అంచున, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊళ్ళో, రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేరి ఆరు నెలలయింది. అంతకుముందు గోదావరి కాలువల మీద నాలుగేళ్ళు పనిచేశాను. నీళ్ళ సంగతి నాకొకరు చెప్పాలా అన్న ధీమా ఉండేది.

చలికాలంలో ఆ సరస్సు గడ్డకడుతుంది. రెండు మైళ్ళ అవతల ఉన్న ద్వీపానికి ఆ గడ్డ మీదే దారి వేస్తారు. ఐస్ రోడ్ అంటారు. దాని మీద కార్లు నడుస్తాయి, మంచు మీద జారే స్నోమొబైల్ బళ్ళు పరుగులు తీస్తాయి, పక్కనే జనం బెజ్జాలు వేసుకుని చేపలు పడతారు. ఆగర్ అనే పెద్ద బరమాతో తొలిచి గడ్డ మందం కొలవడం మా పని. పన్నెండు అంగుళాలు లేకపోతే కార్లను వదలం. మంచు కురిసేటప్పుడు ఎవరూ దారి తప్పకుండా, పండగయ్యాక ఇళ్ళవాళ్ళు పారేసిన క్రిస్మస్ చెట్లను దారి పొడవునా నిలబెడతాం.

మా శాఖలో ముప్పై ఏళ్ళుగా ఆ చెట్లు నిలబెడుతున్నవాడు ఐనో. మితభాషి. ఆయన వేసిన దారి సగానికి వచ్చాక ఉత్తరంగా పెద్ద వంపు తిరిగేది.

"ఈ వంకర దేనికి?" అన్నాను.

"మా నాన్న అలాగే వెళ్ళేవాడు."

నాకు నవ్వొచ్చింది. తిన్నగా గీత గీసి, ఐనో చేతే వరసగా ఆగర్ వేయించాను. ఎక్కడ చూసినా పదహారు అంగుళాలు. చెట్లు కూడా ఆయన చేతే జరిపించేశాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం వింటర్ కార్నివాల్, సరస్సు మీదే జరిగే చలికాలపు జాతర. దానికి మూడు రోజుల ముందు ఎండ కాసి, మంచు మెత్తబడింది. ఐనో నా గదికి వచ్చాడు.

"చెట్లు పాత చోట పెట్టేద్దాం."

పాత బెజ్జాల పక్కనే మళ్ళీ కొలిపించాను. పద్నాలుగు. "సోమవారం చూద్దాంలే" అన్నాను.

ఆయన ఆగలేదు. శనివారం పొద్దున్నే, జనం రాకముందే ఒక్కడూ వెళ్ళి దారికి అడ్డంగా తాడు కట్టి, చెట్లు పీకడం మొదలుపెట్టాడు. నా రెండు కొలతల మధ్య ఒకచోట గడ్డ విరిగి నీళ్ళలో పడ్డాడు. అక్కడ సరస్సు అడుగున ఊటలున్నాయట. ఆ నీళ్ళ వెచ్చదనానికి గడ్డ కిందినుంచి కరుగుతుందట. ఏ మ్యాపులోనూ లేదు. చేపలు పట్టేవాళ్ళు ఆయన్ని బయటికి లాగారు. చలికి గడ్డకట్టి కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి.

ఆయన ఆసుపత్రినుంచి వచ్చాక విచారణ జరిగింది. "దారి మార్చిందెవరు?" అని మా పైఅధికారి అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ఐనో, "నేనే. దూరం తగ్గుతుందనుకున్నా" అన్నాడు.

నేను ప్రొబేషన్‌లో ఉన్నానని, మా ఆవిడకు నెలలు నిండాయని ఆయనకు తెలుసు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆయన్ని ఇక సరస్సు మీదికి వెళ్ళొద్దన్నారు. నా ఉద్యోగం ఖాయమైంది.

ఇంట్లో చెబితే మా ఆవిడ చేతిలో పని ఆపేసింది. "ఆయన అబద్ధం చెప్తుంటే మీరు వింటూ కూర్చున్నారా? రేపే వెళ్ళి చెప్పేయండి."

ఆ రేపు రాలేదు. మరుసటి ఏడు మాత్రం చెట్లను ఐనో వంపులోనే పెట్టించాను. తర్వాత ఎక్కడ పనిచేసినా, వంకర దారి కనిపిస్తే దాన్ని వేసినవాణ్ణి రెండోసారి, మూడోసారి కూడా అడగమని జూనియర్లకు నూరిపోశాను. పాఠం మంచిదే. దాని ఖరీదు మాత్రం నేను పెట్టుకోలేదు.

అయిదేళ్ళకు ఐనో పోయాడు. చర్చి బయట ఆయన కూతురు లిండా నా చేయి పట్టుకుంది.

"మా తాత చూపించిన దారిని నాన్న ఎందుకు మార్చాడో ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. నేనూ చాలాసార్లు కోప్పడ్డాను. మీరు కలిసి పనిచేశారుగా, మీకేమైనా తెలుసా?"

చుట్టూ జనం ఉన్నారు. మా పైఅధికారి కూడా ఉన్నాడు.

"తెలీదమ్మా" అన్నాను.