తోలు మీద పంటిగాట్లు

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం అందరికీ సీట్లక్కే. బండి సీట్లు, వ్యాను సీట్లు, ఆఫీసు కుర్చీలు, ఒకసారైతే సినిమా హాల్లో మూడు వరసలు. కూర్చునేది ఏది చిరిగినా ఆవిడ దగ్గరికి రావలసిందే. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మనుషుల మొహాలు ఆవిడకు తొందరగా గుర్తుకురావు. "ఆయనా? ఎడమ పక్క కుట్టు ఊడిన ఎర్ర సీటు కదూ!" అంటుంది.

ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ పక్కన పెద్ద కుట్టుమెషిన్, గోడ నిండా మేకులకు వేలాడే అట్టముక్కల కొలతలు, మూలన స్పాంజి దిమ్మెలు. ఆ దిమ్మెల మీద మహారాణిలా అత్తగారు. చెప్పుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు కుట్టుపని చేసి మానేసిన మనిషి. చేతులు మానేశాయి కానీ నోరు మానలేదు.

ఒక గురువారం పొద్దున పళ్ళ డాక్టరు వచ్చాడు. ఆయన క్లినిక్ వీధి చివరే. అత్తగారి కట్టుడు పళ్ళు ఆయన చేసినవే కాబట్టి ఆవిడ నోరారా నవ్వింది. సీట్లక్క మాత్రం పెదవులు బిగించుకుని తలూపింది. ఆయన ఎదుట నోరు తెరవడమంటే ఆవిడకు హడల్.

"అమ్మా, మా కుర్చీ అరుస్తోంది" అన్నాడు డాక్టరు.

"అరిచేది రోగులు కదండీ?" అంది సీట్లక్క.

"వాళ్ళకి భయంతో చెమటలు పడతాయి. రెగ్జిన్‌కి అతుక్కుపోతారు. లేచేటప్పుడు చర్రుమని ఒకటే చప్పుడు. లోపల నేనేదో చర్మం ఒలుస్తున్నాననుకుని బయటున్నవాళ్ళు వెళ్ళిపోతున్నారు."

ఆయన చంకలోని చుట్టను బల్ల మీద పరిచాడు. మీగడ రంగు తోలు. పైన తడి అంటని పూత, కింద చంటిపిల్ల బుగ్గంత మెత్తన. కుర్చీకి సరిగ్గా సరిపోతుంది, మిగిలేది పిడికెడు ముక్కలే. క్లినిక్‌కి ఆదివారం దాకా సెలవు. సోమవారం పొద్దున్నే రోగులు వస్తారు.

"రెగ్జిన్ కుట్టిన చేతికి తోలొక లెక్కా!" అంది సీట్లక్క. ఒక చిన్న ముక్క మడిచి మెషిన్ కింద పెట్టి జానెడు కుట్టింది. తీసి చూసి గతుక్కుమంది. కుట్టుకు రెండు పక్కలా మెట్లు మెట్లుగా గాట్లు.

తప్పు మెషిన్‌ది కాదు. సూది కింద సరుకును అదిమిపట్టే ఇనుప ముక్కను ఫుట్ అంటారు. ఆవిడ మెషిన్‌కు అవి రెండు. మనిషి నడిచినట్టు ఒకటి లేస్తే ఒకటి దిగుతూ ఎంత మందాన్నయినా ముందుకు లాక్కుపోతాయి. జారకుండా వాటి అరికాళ్ళకు గరుకు పళ్ళుంటాయి. మొండి రెగ్జిన్ మీద ఆ పళ్ళ ఆనవాలే కనపడదు. ఈ సుకుమారపు తోలు మాత్రం అన్నీ గుర్తుపెట్టుకుంది.

"ఇవి ఫుట్ అడుగుజాడలండీ" అంది సీట్లక్క. డాక్టరు ముక్కను వెలుతురుకు పెట్టి, కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. "ఇవి అడుగుజాడలు కాదమ్మా. పంటిగాట్లు. ఎవరో వరసగా కొరుక్కుంటూ పోయారు" అన్నాడు.

సీట్లక్కకు తల కొట్టేసినట్టయింది. "రేపటికల్లా చూస్తానండీ" అని ఆయన్ని పంపేసింది. తోలుకు సూది పడితే కన్నం అలాగే ఉండిపోతుంది. విప్పి మళ్ళీ కుట్టే సదుపాయం లేదు. కుర్చీ ముక్కల మీద చెయ్యి వేసేముందే ఫుట్ సంగతి తేలాలి.

మొదట ఫుట్ అడుగున టేపు అంటించింది. బెత్తెడు కుట్టు అందంగా వచ్చింది. తరవాత టేపు చిరిగి, జిగురు తోలుకు పట్టుకుంది.

"తుమ్మబంక పూసి కుట్టినట్టుంది" అంది అత్తగారు.

స్పేర్ పార్టుల కొట్టుకు పరిగెత్తింది. కొట్టతను తెల్లటి ప్లాస్టిక్ ఫుట్ ఇచ్చాడు. అది నున్నగానే ఉంది కానీ ఇంట్లో బట్టలు కుట్టుకునే చిన్న మెషిన్‌కే పడుతుంది. చిన్న మెషిన్ రెండు పొరల దాకా బుద్ధిగా నడిచింది. మూడో పొర రాగానే టప్పున సూది విరిగింది.

"చక్రం ఫుట్ తీసుకురావే" అంది అత్తగారు. "మా ఫ్యాక్టరీలో అన్నిటికీ చక్రమే. వెన్న మీద వేలు జారినట్టు పోయేది."

సీట్లక్క మళ్ళీ వెళ్ళి, అరికాలి బదులు చిన్న చక్రం ఉన్న ఫుట్ తెచ్చింది. మలుపుల్లో హాయిగా తిరిగింది. కానీ చక్రం అంచున సన్నని గీతలున్నాయి. అవి తోలు మీద దువ్వెనతో గీసినట్టు పడ్డాయి.

"మరి మీ ఫ్యాక్టరీలో పడలేదా అత్తయ్యా?"

"అది మగాళ్ళ బూటు తోలు. తన్నినా కందదు. ఇదేం తోలమ్మా, ఊదితే కందేట్టుంది!" అని అత్తగారు నేరం తోలు మీదికి నెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి తేలిందేమిటంటే, పెద్ద మెషిన్‌కే నున్నటి అరికాళ్ళున్న ఫుట్‌లు కావాలి. కొట్టతను తెప్పిస్తానన్నాడు, మూడు వారాలకు. సీట్లక్క కూలబడింది. "చేతకాదని చెప్పేస్తాను. ఇన్నేళ్ళలో ఒక్క సీటూ వెనక్కి పంపలేదు" అంది.

అత్తగారు తన పై పలువరస తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

"ఛీ, ఇదేంటత్తయ్యా!"

"తడిమి చూడు. ఎక్కడైనా గరుకుందా?" పళ్ళు లేని నోట మాటలు తుస్సుమంటున్నాయి. "చిగుళ్ళు ఒరుసుకోకుండా ఇంత నున్నగా చేసినవాడు ఇనప ముక్కని చెయ్యలేడా? ఫుట్‌లు ఊడదీసి పట్టుకెళ్ళు."

డాక్టరు రెండు ఫుట్‌లనూ తిప్పి తిప్పి చూశాడు. "పళ్ళు తీసెయ్యాలి. నా పనే" అన్నాడు. కట్టుడు పళ్ళకు మెరుగుపెట్టే మోటారు తిప్పి, ముందు రాతిచక్రంతో ఇనుప పళ్ళన్నీ అరగదీశాడు. ముందు అంచు కూడా గుండ్రంగా చెయ్యమనీ లేకపోతే మలుపు దగ్గర గీరుతుందనీ అత్తగారు చెప్పి పంపింది. అదీ చేశాడు. తరవాత దూదిచక్రానికి తెల్లటి ముద్ద పూసి పావుగంట రుద్దేసరికి, అందులో బొట్టు దిద్దుకోవచ్చు అన్నట్టు మెరిశాయి.

"ఎంతివ్వమంటారు?" అంది సీట్లక్క.

"ఏమీ వద్దు. ఒక్కసారి నోరు తెరవండి. రెండేళ్ళుగా మీరు ఎడమ పక్కే నములుతున్నారు. వీధిలో మొక్కజొన్న కండె తింటుంటే చూశాను."

తప్పించుకునే దారి లేక, ఆ అరిచే కుర్చీలోనే కూర్చుంది. పది నిమిషాల్లో కుడి పక్క పుచ్చుపన్ను బయటికి వచ్చింది. చెమటకు ఆవిడ నిజంగానే కుర్చీకి అతుక్కుపోయింది. లేచినప్పుడు వచ్చిన చప్పుడు విని, నోట్లో దూది ఉన్నా నవ్వాపుకోలేకపోయింది.

శనివారం పొద్దున ఫుట్‌లు బిగించింది. అరిగిన మేరకు కిందికి దించి, అదిమే స్ప్రింగు మూడు చుట్లు వదులు చేసింది. ముక్క మీద కుట్టి చూస్తే లేత నొక్కు కనిపించింది. ప్రాణం ఉసూరుమంది. "కంగారుపడకు, కాఫీ తాగి రా" అంది అత్తగారు. తిరిగొచ్చేసరికి నొక్కు దానంతటదే లేచిపోయి తోలు సాపుగా ఉంది. అత్తాకోడళ్ళు చెరో వేలితో తడిమి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పళ్ళు లేని ఫుట్‌లు కొంచెం జారతాయి. అందుకని ఆ రెండు రోజులూ సీట్లక్క తోలును చేత్తో నడిపించింది, ఎవరినో వేలు పట్టుకుని మెట్లు దించినట్టు. అత్తగారు ఎదుట కూర్చుని రెండో అంచు పట్టుకుంది. కుట్టినంతసేపూ ఆవిడ నోరు మెదపలేదు. ఆ ఇంట్లో అలాంటిది అదే మొదటిసారి.

ఆదివారం సాయంత్రం కుర్చీకి తొడుగు బిగించాక డాక్టరు కుట్టు వెంబడి అంగుళం అంగుళం చూశాడు. పుచ్చు వెతికే చిన్న అద్దం కూడా తెచ్చి మూలలు చూశాడు. "ఒక్క గాటు లేదమ్మా" అని చేతులు జోడించాడు. సీట్లక్క ఇంటికి వెళ్ళే దారిలో ఎదురైన ముగ్గురిని ఆపి మరీ ఆ మాట చెప్పింది.

కుర్చీ ఇప్పుడు అరవదు. డాక్టరుకు కొత్త తంటా వచ్చిపడింది. మత్తుసూది వేసి ఐదు నిమిషాలు ఆగమంటే కొందరు గుర్రుపెట్టి నిద్రపోతున్నారట. లేపితే విసుక్కుంటున్నారట.

సీట్లక్క రెగ్జిన్ పనికి వేరే పళ్ళ ఫుట్‌లు కొనుక్కుంది. నున్నటివి మెత్తటి గుడ్డలో చుట్టి, అత్తగారి నగలున్న డబ్బాలో దాచింది. నగలకూ వాటికీ తేడా తెలియడం లేదని అత్తగారి ఫిర్యాదు. మొన్న బ్యాగులు కుట్టే అమ్మాయి ఒకతె వచ్చి, "అక్కా, తోలుకి ఏ ఫుట్ మంచిది?" అని అడిగింది.

"ముందు నీ తోలు చూపించు" అంది సీట్లక్క.

"చక్రం" అంది అత్తగారు స్పాంజి మీద నుంచి, ఆ పిల్ల సంచి ఇంకా విప్పకముందే.