పాలసముద్రానికి ప్యాంటు తొడిగిన మేష్టారు

టెక్కలి గోపాలరావు మేష్టారు రిటైరయ్యాక నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. రాయడం అనడం కూడా మర్యాదకే. పాత కథ ఒకటి పట్టుకుని, రాజుకి ప్యాంటు తొడిగి, మంత్రి చేతిలో సెల్‌ఫోను పెట్టి, కింద తన పేరు వేసుకునేవాడు. ఎవరైనా నవ్వితే, "ఇది అనుసరణ కాదు, స్వతంత్ర రచన" అని గొంతు సవరించుకునేవాడు.

పలాసలో నాటక పోటీలు పెట్టినప్పుడు ఆయన కన్ను పాలసముద్రం చిలికిన కథ మీద పడింది. షీల్డు ఇచ్చేది ఒక జీడిపప్పు వ్యాపారి. అంచేత మేష్టారు దేవతల్ని వ్యాపారులు చేశాడు, రాక్షసుల్ని జాలర్లు చేశాడు. అమృతం దేవతలకే ఎందుకంటే, జాలర్లకిస్తే తాగి తందనాలాడతారట. చివర్లో వాళ్లు వ్యాపారుల కాళ్ల మీద పడి, బుద్ధొచ్చిందని చెప్పాలి. ఇదీ ఆయనగారి స్వతంత్రం.

ఆ వేషాలకి నిజం జాలర్లే కావాలన్నాడు. కళ మీద ప్రేమతో కాదు, కండలు తిరిగిన ఒళ్లకి మేకప్ ఖర్చుండదని. వజ్రపుకొత్తూరు దగ్గర ఒక పల్లెకి పోయి, ఎల్లాజీనీ అతనితో వల లాగేవాళ్లనీ కుదుర్చుకున్నాడు. వేషం కట్టడమంటే ఎల్లాజీకి చిన్నప్పట్నించీ పిచ్చి. తుఫాను షెల్టర్లో రిహార్సళ్లు. అక్కడ కుర్చీలో కూచుని, పుట్టి బుద్ధెరిగి తాడు ముట్టని ఆ పెద్దమనిషి, "అలా కాదురా లాగడం" అని వాళ్లకి పాఠం చెప్పేవాడు.

ఒకరోజు ఎల్లాజీ అడిగాడు. "మేస్టారూ, అమృతం కంటే ముందు ఇసం వొత్తాది గదా. అది నేదేటి?"

"తీసేశాను. దాన్ని తాగే దేవుణ్ణి ఇప్పుడెక్కణ్ణించి తేను?"

"దేవుడెందుకు బాబూ, మా ఊరు తాగతన్నాది గదా."

ఎల్లాజీ పెళ్లాం చిన్నతల్లికి కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం డయాలసిస్‌కి పలాస తిప్పుతున్నాడు. నీళ్లలోనే ఏదో ఉందని ఊరంతా అనుకుంటారు. ఏముందో తేల్చి చెప్పినవాడు లేడు.

మేష్టారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "రోగాలు పెడితే ప్రైజు రాదు. చెప్పింది చెయ్యి."

పోటీనాడు అమృతం కుండ వ్యాపారుల చేతికి చేరింది. జాలర్లు చిలికే తాడు వదిలెయ్యాల్సిన ఘట్టం. ఎల్లాజీ వదల్లేదు. వెనకున్నవాళ్లూ వదల్లేదు.

"అందులోది సగం ఇటియ్యండి," అన్నాడు ఎల్లాజీ. "నాకొద్దు. మా ఆడది డయాలసిస్ మంచం మీదున్నాది. దాని నోట్లో పొయ్యాల."

వ్యాపారి వేషం కట్టిన కోర్టు గుమాస్తా తన మాటలు మరిచిపోయి, కుండ అతని చేతికిచ్చేశాడు. "తెర దించండ్రా, వెధవలు కొంప ముంచారు!" అని మేష్టారు లోపల గింజుకుంటున్నాడు. అంతలో చప్పట్లు మోగాయి. జనం లేచి నిలబడ్డారు. ఆ చప్పుడు చెవిన పడగానే ఆయన తలకాయ తిరిగిపోయింది. పరుగున స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు.

"ఈ ముగింపు కోసం నిద్రాహారాలు మానేశానండీ!"

ఉత్తమ రచన బహుమతి ఆయనకే. తర్వాత పుస్తకం కూడా వేయించాడు. ఎల్లాజీ మాటలన్నీ అందులో ఉన్నాయి, కాకపోతే కడిగి ఆరేసి. "మా ఆడది" కాస్తా "నా అర్ధాంగి" అయింది. ఎల్లాజీ పేరు మాత్రం ఎక్కడా లేదు.

అవమానంతో ఎల్లాజీ వేషం గుడ్డలు మూటగట్టి చూరులో దోపేశాడు. చిన్నతల్లే కదిపింది.

"ఏటి మావా, నా రోగానికి ఆయనకి షీల్డిచ్చినారా?"

"ఇచ్చినారు."

"అయితే మనూల్లో మనవే ఆడదాం. ఇసం నాను తాగతాను."

గంగమ్మ పండక్కి ఇసకలో ఆడారు. చిన్నతల్లి గొంతుకి నీలం రంగు పూసుకుంది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చేత్తో గిన్నె ఎత్తి తాగింది. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే, మేష్టారి నాటకాలకి హార్మోనియం వాయించే కామేశ్ చేత ఆయన పంపిన కబురొచ్చింది: రచయిత అనుమతి లేకుండా ఆడితే కేసు పెడతాడట.

చిన్నతల్లి గిన్నె దించింది. "పాలసముద్రం ఆయన బాబు తవ్వించినాడేటి? అడిగిరా, పో."

కామేశ్ అడగడానికి పోలేదు. జనంలో ఇంత చోటు చూసుకుని, చెప్పులు విప్పి కూచున్నాడు.