కత్తెరక్క గుడ్డ దులపని రోజు

కుర్చీలోంచి మనిషి లేవగానే కత్తెరక్క ఆ మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పుతుంది. రెండు కొసలూ పట్టుకుని గుమ్మం దాటుతుంది. గాలి ఎటు వీస్తోందో చూస్తుంది. ఒక్క విదిలింపు. వెంట్రుకలు మెట్ల కిందికి రాలిపోతాయి. గుడ్డ మడుచుకుని లోపలికి వస్తూ, తనలో తనే అన్నట్టు అంటుంది:

"రాలినవీ విన్నవీ బయటే."

వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. ఇంటి ముందు గదే ఆమె షాపు. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక బల్ల. కొళాయి లేదు. తల కడగాలంటే వంటింట్లో అత్తగారు నీళ్ళు కాచి, చెంబుతో తెచ్చి పోయాలి. కడిగించుకునేవాళ్ళు బేసిన్ మీదికి వంగి, "అత్తయ్యగారూ, కాస్త చన్నీళ్ళు" అని అరుస్తారు. అత్తగారు "ఉడికితేనే మురికి పోతుంది" అంటూనే చన్నీళ్ళు కలుపుతుంది.

తల వంచిన మనిషి నోరు ఆగదు. ఎవరింట్లో పెళ్ళి కుదరబోతోందో, ఎవరి ఉద్యోగం ఊడబోతోందో, వీధికి తెలియకముందే ఆ కుర్చీకి తెలుస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క మాట గుమ్మం దాటలేదు. నోరు జారడమూ కత్తెర జారడమూ ఒకటేనని కత్తెరక్క లెక్క. తెగిన జుట్టయితే మళ్ళీ పెరుగుతుంది.

అద్దం పక్కన ఒక తార బొమ్మ ఉంది. టీవీలోనూ సినిమాల్లోనూ వెలిగే మనిషి. ఊరంత ఇల్లు, ఆ ఇంటికి తగ్గ గేటు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆ బొమ్మ వైపు వేలు చూపి "ఇలా" అంటారు. కత్తెరక్క అలా కత్తిరిస్తుంది. అద్దంలో తార కనిపించదు, ఎప్పటి మొహమే కనిపిస్తుంది. అయినా సంతోషంగానే వెళ్తారు.

ఆ తార మీద కేసు పడింది.

ఏదో విందులో ఆమె పక్క కుర్చీలో ఒక పరుపుల కంపెనీ పెద్దమనిషి కూర్చున్నాడు. కంపెనీ మునగబోతోందని ఆయన నోరు జారాడు. తెల్లవారగానే ఆమె ఆ కంపెనీలో తనకున్న షేర్లన్నీ అమ్మేసింది. ఆ తర్వాత సంగతి లోకానికి తెలిసింది. షేర్లు చిత్తు కాగితాలయ్యాయి. లోపలి మాట విని లాభపడిందని అభియోగం.

ఇక షాపులో వేరే మాట లేదు.

"ఆవిడకేం తక్కువమ్మా! పరుపుల కంపెనీ కాగితాల కోసం ఇంత కక్కుర్తా?" అంది మందుల షాపావిడ, కుర్చీలోంచి.

"కక్కుర్తి ఉన్నవాళ్ళకే. లేనివాళ్ళకి దాని అవకాశమేదీ?" అంది వంతు కోసం కూర్చున్న పంతులమ్మ.

అత్తగారు చెంబు కింద పెట్టింది. తార కార్యక్రమం ఒక్కటి కూడా వదలని మనిషి ఆమె. "చెవులకి తలుపులుంటాయా? పక్కవాడు వాగాడు, ఈవిడ విన్నది. విన్నందుకే జైలైతే, ఈ షాపు పెట్టిన పాపానికి అత్తాకోడళ్ళం ఎప్పుడో లోపలుండాలి."

అందరూ నవ్వారు. మూలన ఉన్న దర్జీ మాత్రం నవ్వలేదు. ఎదురింటి మెట్ల కింద కుట్టుమిషను పెట్టుకుని బతికే మనిషి. కత్తెరక్క కంటే చిన్నది. జుట్టుకి పని లేకపోయినా మాటకి పనుందని వస్తుంది. వస్తే తన తీర్పు చెప్పకుండా వెళ్ళదు.

"వినడం తప్పని ఎవరన్నారు పెద్దమ్మా?"

"మరేమిటే నీ గోల? ఇల్లు అంటుకుంటోందని తెలిస్తే బయటికి రాదూ?"

"రానీ. తను బయటికొచ్చి, ఇల్లు చల్లగా ఉంది రండి రండి అని ఇంకొకళ్ళని లోపలికి పంపింది. ఆవిడ అమ్మితే కొన్నవాడొకడు ఉంటాడుగా? వాడెవడు? మనలాంటి వాడే ఎవడో. వాడి గురించి ఒక్కళ్ళైనా ఏడ్చారా?"

"నువ్వేడుస్తున్నావుగా, చాలు," అంది అత్తగారు.

"నువ్వేమంటావక్కా?"

"కదలకండి, చెవి తెగుతుంది," అంది కత్తెరక్క మందుల షాపావిడతో. తర్వాత కత్తెర ఆపకుండానే, "ఏమో. నేనైనా అమ్మేసేదాన్నే," అంది.

"అదిగో! నా కోడలు," అంది అత్తగారు.

వారం గడిచేసరికి వీధి రెండుగా చీలింది. బొమ్మ తీసేయమన్నవాళ్ళు ఉన్నారు. తీసేస్తే రామన్నవాళ్ళు ఉన్నారు. కొత్తగా ఒక రకం వచ్చారు. బొమ్మ వైపు వేలు చూపి, "ఇలాగే కానీ, ఆవిడలా అని కాదు" అనేవారు. కత్తెరక్క సరేనని ఎప్పటిలాగే కత్తిరించేది.

ఒక పొద్దున్న, షాపు తెరవకముందే, వీధి మూల గది ఓనరమ్మ పెరటి దారిన వచ్చింది. ఆమె ఎప్పుడూ అలాగే వస్తుంది. తన జుట్టు పుట్టు నలుపని వీధంతా నమ్ముతోందని ఆమె నమ్మకం. కత్తెరక్క చిక్కు దువ్వి, కొసలు కత్తిరించి రంగు పూయడం మొదలుపెట్టింది. ఓనరమ్మ ఫోనులో కొడుకుతో మాట్లాడుతోంది.

"వాచీల షాపతను ఖాళీ చేస్తున్నాడురా. మూల గది. వచ్చే వారం బోర్డు పెడతాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకు, పొయ్యి మీద పాలు పొంగినట్టు వచ్చి పడతారు. ముందొచ్చిన వాళ్ళకి ఇచ్చేస్తా. బేరాలాడే ఓపిక నాకు లేదు."

కత్తెరక్క చేతిలో బ్రష్షు ఆగింది. మళ్ళీ కదిలింది.

మూల గదికి రెండు వైపులా కిటికీలు. లోపలే కొళాయి. రెండు కుర్చీలు పడతాయి. అత్తగారు చెంబు మోయక్కర్లేదు. ఎన్నేళ్ళుగానో ఆ గది ముందు నుంచి నడిచిన ప్రతిసారీ ఆమె లోపల అద్దం ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ నడిచేది. దర్జీకీ అదే గది మీద కన్ను. మెట్ల కింద తల ఎత్తితే దెబ్బ తగులుతుంది. మబ్బు పడితే సూదిలో దారం ఎక్కదు. "ఆ గది ఖాళీ అయితే నాదేనక్కా" అనేది. "ముందు ఖాళీ కానీవే" అనేది కత్తెరక్క. ఇద్దరూ నవ్వుకునేవారు. ఇద్దరివీ నిజమైన మాటలే.

ఓనరమ్మ నల్లటి తలతో పెరటి దారినే వెళ్ళిపోయింది. కత్తెరక్క గుడ్డ విప్పి పట్టుకుని నిలబడింది. గుమ్మం వైపు చూసింది. ఆ తర్వాత గుడ్డను అలాగే మడిచి కుర్చీ మీద వేసింది.

వంటింటి తలుపులో అత్తగారు నిలబడి ఉంది. "విన్నా," అంది. "నిలబడ్డావేం? వెళ్ళి అడిగెయ్యి. సాయంత్రానికి తాళం నీ చేతిలో ఉంటుంది."

"దర్జీ పిల్ల..."

"దానికి తెలియదుగా."

"అదే అత్తయ్యా."

"ఏమిటే అదే! ఆ గది కావాలని నువ్వు ఇవాళ అనుకున్నావా? ఎప్పటినుంచో అనుకుంటున్నదేగా."

అది నిజమే. కత్తెరక్కకు కొంచెం ధైర్యం వచ్చింది. మధ్యాహ్నం వెళ్దామనుకుంది.

మధ్యాహ్నం పంతులమ్మ వచ్చి కూర్చుంది. వెనకే దర్జీ, మెడలో టేపుతో. కత్తెరక్క పరధ్యానంగా గుడ్డ కట్టింది. కాసేపటికి పంతులమ్మ మెడ గోక్కుంది. మళ్ళీ గోక్కుంది.

"ఏమిటమ్మా, చీమలు పాకుతున్నట్టుంది! ఇవాళ గుడ్డ దులపలేదా?" అని కాలర్ లోంచి ఒక వెంట్రుక తీసి వెలుతురులో పట్టుకుంది. "మొదలంతా తెల్లగా ఉంది. కొస నలుపు. ఎవరిదిది?"



"నాది," అంది అత్తగారు వంటింటి తలుపులోంచి.

దర్జీ అత్తగారి తల వైపు చూసింది. మొత్తం దూదిలా తెల్లగా ఉంది. "కొస నలుపు నీకెక్కడిది పెద్దమ్మా?"

"వయసులో ఉన్నప్పటిది. మిగిలింది. నీకెందుకే?"

పంతులమ్మ నవ్వాపుకోలేక గుడ్డలో మొహం దాచుకుంది. ఆ వెంట్రుక ఎవరిదో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. కత్తెరక్కకే నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో ఆమె గుడ్డ దులపడం మానలేదు. మొదటిసారి మానింది, ఇంకొకరి గుట్టు పంతులమ్మ మెడ మీద బయటపడింది.

"ఇది విన్నారా?" అంది దర్జీ. "మీ తార కోర్టులో ఏం చెప్పిందో? ఆ విందులో మాట విని అమ్మలేదట. అమ్మాలని ఎప్పటినుంచో అనుకుంటోందట!"

కత్తెర ఆగింది. వంటింట్లో అత్తగారికి పొలమారింది.

"ఎప్పటినుంచో అనుకున్న మనిషికి విందు తర్వాత తెల్లారే తీరిందా?" అంది పంతులమ్మ.

"అదే కదా!" అంది దర్జీ. "ఏమక్కా, ఇప్పుడూ నువ్వు ఆవిడ పక్షమేనా?"

కత్తెరక్క అద్దంలోకి చూసింది. అద్దంలో తన మొహం, పక్కన తార మొహం. మొదటిసారి కాస్త పోలిక కనిపించింది. ఆమెకు ఫక్కున నవ్వొచ్చింది.

"నవ్వుతావేం?"

"ఏం లేదులే. తల వంచండి పంతులమ్మగారూ."

ఆ మధ్యాహ్నం ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. సాయంత్రం అత్తగారు అడిగింది, "పోనీ, ఆ పిల్లకి చెప్పేస్తావా?"

"కుర్చీలో విన్నది బయటికి ఎలా చెప్తాను?"

"అడగవు. చెప్పవు. మరేం చేస్తావే, మొద్దూ?"

"పొద్దున్నే చెప్తాను."

పొద్దున్నే కత్తెరక్క వెనక వీధిలోని ఓనరమ్మ ఇంటికి వెళ్ళింది.

"నిన్న మీరు ఫోనులో అన్నది విన్నానండీ. ఆ గది నాకు కావాలి."

"కావాలంటే తీసుకోవే. నీకిస్తే నాకేం బాధ?"

"అలా కాదు. బోర్డు ఇవాళే పెట్టండి. పెట్టాక వచ్చి అడుగుతాను."

ఓనరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఇస్తానంటుంటే బోర్డంటావేం? ఒంట్లో బాగానే ఉందా?" అప్పుడు ఆమెకు వేరే భయం పట్టుకుంది. గొంతు తగ్గించింది. "విన్నానంటున్నావు. నా జుట్టు సంగతి గానీ ఎక్కడా అనలేదు కదా?"

"నా నోటి నుంచి రాలేదండీ," అంది కత్తెరక్క. ఆ మాటను చాలా జాగ్రత్తగా ఎంచుకుంది.

ఓనరమ్మ తేలికపడి అటక మీద నుంచి బోర్డు దింపింది. మూల గది దగ్గర స్టూలు కత్తెరక్కే పట్టుకుంది. "గది అద్దెకు ఇవ్వబడును." వాచీల షాపతను లోపలి నుంచే మేకు అందించాడు. ఓనరమ్మ ఇంటికి వెళ్ళిపోయింది.

కత్తెరక్క తన గుమ్మం మీదికి వచ్చి నిలబడింది. ఇంకా ఎవరూ కుర్చీలో కూర్చోలేదు. అయినా గుడ్డ తెచ్చింది. నిన్నటిది. కొసలు పట్టుకుని, వీధంతా వినబడేలా ఫట్‌మని విదిలించింది. తెల్లవీ నల్లవీ మెట్ల కిందికి రాలాయి.

ఆ చప్పుడుకి దర్జీ ఎదురింటి మెట్ల కింద నుంచి తల బయట పెట్టింది. నోట్లో దారం. మూల గది వైపు చూసింది. బోర్డు చదివింది. దారం ఉమ్మేసింది. "అక్కా" అని పిలవలేదు. పక్కకైనా తిరగలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, మెడలో టేపు జెండాలా ఎగురుతుంటే, పెద్ద వీధి వెంట ఓనరమ్మ ఇంటికి ఒకటే పరుగు.

"చూశావా దాన్ని!" అంది అత్తగారు గుమ్మంలోంచి. "మనకి నీతులు చెప్పింది!"

కత్తెరక్క పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"నవ్వుతావేమే, పరుగెత్తు! సందులోంచి వెళ్ళు, దగ్గర!"

కత్తెరక్క గుడ్డ అత్తగారి చేతిలో పెట్టి వీధిలోకి దూకింది. ఆ సందు అందరికీ తెలిసినదే. ఆమె సందులోంచే వెళ్ళింది.