మూత బిగించిన డబ్బా

ఇన్నిస్‌ఫెయిల్‌లో వానలు మొదలైతే చెప్పులకు బూజు పడుతుంది, సీసాలో ఉప్పు నీరుకారిపోతుంది. అలాంటి ఊళ్ళో క్లారీ ట్రాంటర్ తూటాల మందును ఏళ్ళ తరబడి పొడిగా కాపాడుకున్నాడు. తుపాకి కాల్చే క్లబ్బు పోటీలకు తన తూటాలు తానే నింపుకునేవాడు. మందు దాని సొంత డబ్బాలోనే, మూత బిగించి, నడవా అల్మారాలో చల్లగా ఉండాలి. పని ఆపగానే, మందు కొలిచి తూటాల్లో పోసే యంత్రం గరాటాలో మిగిలిన మందు తిరిగి డబ్బాలోకి పోవాలి. భోజనం ఆ తర్వాతే.

"దానికున్న భాగ్యం నాకు లేదు" అని భార్య గ్లెనిస్ దెప్పిపొడిచేది.

గుండె ఆగిన సాయంత్రం మాత్రం ఆయన గరాటా ఖాళీ చేయలేదు.

అంత్యక్రియల్లో గ్లెనిస్ ఏడవలేదు. టీ పెట్టుకునేది, మరిచిపోయేది, మళ్ళీ పెట్టుకునేది. ఆయన తూటాలు నింపుకునే షెడ్డు తలుపు తీయనే లేదు. వానలు సగం గడిచాక, క్లబ్బువాళ్ళు క్లారీ పేరున పోటీ పెడుతున్నామంటే, అప్పుడు తీసింది. గరాటాలో మందు అలాగే ఉంది. ఆయన చేసినట్టే డబ్బాలో పోసేసింది. తర్వాత చెమ్మ సంగతి గుర్తొచ్చింది. బూట్ల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు దొరికినన్ని అందులో వేసి మూత బిగించింది. పోటీలో ఆ మందుతో, ఆయన తుపాకితో తాను కాల్చాలి. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

తూటాలు నింపిపెట్టడానికి క్లారీ స్నేహితుడు వెర్న్ వచ్చి డబ్బా తెరిచాడు.

"ఈ పొట్లాలేంటి?"

"నేనే వేశా. చెమ్మ లాగుతాయని."

"లాగాయి తల్లీ. ఎంత లాగాయో ఎవడు చెప్పాలి? చెమ్మెక్కితే మందు నీరసంగా కాలుతుంది, మరీ ఎండితే రెచ్చిపోతుంది. తుపాకి మొహమ్మీదే పేలుతుంది."

"కాస్త తక్కువ వేసి చూద్దాం."

"చూడ్డానికి మొహం మిగలాలిగా."

"ఇప్పుడీ మొహాన్ని చూసేదెవరు?"

వెర్న్ నవ్వబోయి ఆగాడు. "నా మందుతో నింపి ఇస్తాలే. తుపాకి ఆయనదేగా."

"మందు ఆయన దాచింది కాదుగా."

వెర్న్ డబ్బాను ఆమె చేతుల్లో పెట్టి, ఆమె సరే అనేదాకా ఆగాడు.

వాన తెరిపిచ్చాక డబ్బాలో మందంతా పెరటి గడ్డి మీద పలచగా చల్లారు.

"గడ్డికిది ఎరువే. పచ్చగా పెరుగుతుంది చూడు" అన్నాడు వెర్న్. గ్లెనిస్ పైపుతో నీళ్ళు పట్టింది.

పోటీనాడు వెర్న్ నింపిన తూటాలే కాల్చింది. ఎక్కడ తగిలాయని అడగలేదు. ఇంటికొచ్చి ఖాళీ డబ్బా తుడిచి, మూత బిగించి, అల్మారాలో పెట్టింది. ఆ తర్వాతే భోజనానికి కూర్చుంది.